మండువేసవిలో క్రిస్మసు

డిసెంబరు మాసపు కడపటి వారమున మన తెలుగుపల్లెలు మంచుతెరలో మేల్కొని, ధనుర్మాసపు ముగ్గుల నడుమ గొబ్బెమ్మలను నిలుపుకొనుచుండు దినములలోనే, భూగోళపు దక్షిణార్ధమున సూర్యుడు మకరరేఖపై నడినెత్తిన నిలిచి, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములకు తన పూర్ణప్రతాపమును చూపుచుండును. ఆ రేఖ క్వీన్స్‌లాండు రాష్ట్రమున రాక్‌హ్యాంప్టను పట్టణము చెంతగా పోవుచున్నది. మెల్‌బోర్ను నగరమున అప్పటి పగలు 14 గంటలకు మించియుండును. బడులకు దీర్ఘమైన వేసవి సెలవులు. దక్షిణపు మైదానములలో గోధుమకోతలు. పచ్చికబయళ్ళు ఎండి కసవై, ఒక్క నిప్పురవ్వకు అడవులు అంటుకొనునేమో యను భయమున ఆరుబయట మంట రాజేయుటయే నిషేధింపబడు దినములును కలవు. సరిగా ఆ వేళకే క్రిస్మసు పండుగ వచ్చును.

ఈ పండుగను అచటికి కొనిపోయినవారు ఆంగ్లేయులు, స్కాట్లాండువారు, ఐర్లాండువారు. వారి పూర్వులకు క్రిస్మసనగా, బయట మంచు గడ్డకట్టుచుండగా ఇంటిల్లిపాదియు పొయ్యి చుట్టును చేరి, కొవ్వుతోను ఎండుపండ్లతోను బరువెక్కిన భోజనము చేసి, శిశిరమునకు లొంగని చెట్టుకొమ్మను ఇంట నిలుపుకొని, మధ్యాహ్నమునకే తరలిపోవు వెలుతురును దీపములతో పూరించుకొనుట. ఆ వేడుకలోని ప్రతి వస్తువును చలిని ఎదుర్కొనుటకై ఏర్పడినదే. చలియే లేనిచోట ఆ వస్తువులు ఏమి కావలెను? ఈ ప్రశ్నకు అంగళ్ళు చెప్పిన సమాధానమొకటి, వంటయిండ్లు చెప్పిన సమాధానమొకటి. అంగళ్ళవారు గాజుపలకలపై తెల్లని నురుగు చిమ్మి మంచని చూపిరి; ఉన్నిదుస్తుల తాతకు చెమటలు పట్టించి పిల్లలకు మిఠాయిలు పంచించిరి. ఇండ్లలోనివారో, మన పెరటిలో పూచినదేమి, మన తోటలో పండినదేమి, ఈ యెండకు నిలుచునదేమి యని విచారించి, పాతదానిలో కొంత నిలుపుకొని, కొంత విడిచి, కొంత క్రొత్తగా కల్పించుకొనిరి. నేను వ్రాయబూనినది ఈ రెండవ సమాధానమును గూర్చి.

ఆ కల్పనకు ఆదినుండియు అవసరమే గురువు. 1769లో కెప్టెన్ కుక్ ఓడ న్యూజిలాండు ఉత్తరాగ్రము చెంత తిరుగుచుండగా క్రిస్మసు వచ్చెను. స్వదేశమున ఆనాటి విందుకు పెద్దబాతు ఉండి తీరవలెను. నడిసముద్రమున బాతు ఎక్కడిది? ఓడలోనున్న వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్ వేటాడి తెచ్చిన గానెట్లు అను కడలిపక్షుల మాంసమును పిండిపొరలో కూరి కాల్చి, దానికే బాతుకూర యని పేరు పెట్టుకొని నావికులు సంతృప్తిగా భుజించిరట. బ్యాంక్స్ తన దినచర్యలో ఈ ముచ్చటను దాచుకొనెను. 1814వ సంవత్సరపు క్రిస్మసునాడు, న్యూజిలాండు క్రైస్తవచరిత్రకు ఆరంభముగా ఎన్నబడు ఆరాధనను శామ్యూల్ మార్స్‌డెన్ అను మతబోధకుడు బే ఆఫ్ ఐలండ్స్‌లోని ఓయిహి తీరమున జరిపినపుడు, ఆ సభాస్థలమును సిద్ధపరచినవాడు రువతార అను మావోరీ నాయకుడు. ఆయన కొంత నేలకు కంచె కట్టించి, ప్రసంగవేదికను నిలిపి, పాత పడవలను ఆసనములుగా వేయించెను. గోపురము లేదు, గంట లేదు, మంచు అసలే లేదు. వేసవిదేశపు క్రిస్మసుకు స్థానికమైన వస్తువుతో చేతిపనిగా అమరిన తొలి శోభ యేదియని యెవరైన అడిగినచో, నేను ఆ పడవలనే చూపుదును.

ఇక వంటల సంగతి. వేసవికి బొత్తిగా తగనిదని అందరును నవ్వునది, అయినను రెండు శతాబ్దములుగా పోనిది, గుడ్డమూటలో ఉడికించు పుడ్డింగు. ఒక పెద్ద కుటుంబమునకు కావలసిన కొలత ఇది: నల్లవి, తెల్లవి కలిపి ఎండుద్రాక్షలును, చక్కెరపాకమున ఊరిన నారింజతొక్కలును ఒక కిలో, వెన్న 250 గ్రాములు, ముదురురంగు చక్కెర 250 గ్రాములు, కోడిగ్రుడ్లు ఐదు, మైదాపిండి 150 గ్రాములు, పాతరొట్టె తురుము 250 గ్రాములు, దాల్చినచెక్క, లవంగము, జాజికాయల పొడి తగినంత. పండ్లను ముందుగా బ్రాందీలోనో నారింజరసములోనో రాత్రియంతయు నానబెట్టుదురు. వారము నాననిచ్చువారును కలరు. వెన్నను చక్కెరతో నురుగువచ్చునట్లు గిలకొట్టి, గ్రుడ్లను ఒక్కొక్కటిగా చేర్చి, పండ్లను, పిండిని, రొట్టెతురుమును కలుపునపుడు ఇంటిలోని ప్రతివారును, ఊయలలోని పసిబిడ్డ చేతిని పట్టించియైనను, గరిటెను ఒకమారు త్రిప్పి మనసులో కోరిక కోరుకొందురు.

ఇంతవరకు కష్టమేమియు లేదు. నేర్పంతయు గుడ్డలోనున్నది. రంగువేయని మందపాటి కోరాగుడ్డను మరుగునీట ముంచి, గట్టిగా పిండి, బల్లపై పరచి, నడుమ భాగమున మైదాపిండి చల్లి అరచేతితో రుద్దవలెను. ఈ పిండియే ఉడుకువేళ తడిసి బిగిసి, పుడ్డింగుపై పలుచని చర్మమై నీటిని లోనికి రానీయదు. పిండి చల్లుటలో లోభించినవారి పుడ్డింగు నీరుకారి చప్పబడును. ముద్దను నడుమనుంచి గుడ్డ అంచులను పైకి లాగి, ముడుతలు సమముగా సర్ది, ఉబ్బుటకు కొంచెము చోటు విడిచి దారముతో బిగించి, పెద్దకుండలో తెర్లుచున్న నీటిలోనికి దింపి ఆరుగంటలు ఉడికింతురు. నీరు తగ్గినకొలది మరిగిన నీటినే పోయవలెను గాని చన్నీరు తగులరాదు. తగిలినచో పైచర్మము బిగియదు. పిమ్మట గాలి తగులుచోట వ్రేలాడగట్టి ఆరనిచ్చి, పండుగనాడు మరల రెండుగంటలు ఉడికించి, గుడ్డ విప్పి వడ్డింతురు. ఇంగ్లండు చలిలో ఆ మూటను నెలల తరబడి దూలమునకు వ్రేలాడగట్టుట చెల్లును. బ్రిస్బేను నగరపు ఉక్కలో అట్లుచేసినచో బూజు పట్టును. కావున వేసవిదేశపు గృహిణులు ఒకటి రెండు దినములు ఆరబెట్టి, తరువాత శీతలపేటికలో దాచు పద్ధతిని అనుసరించిరి.

మండుటెండలో ఆరుగంటలు పొయ్యి వెలిగించుట పిచ్చియని హేళన చేయువారితో నేను పూర్తిగా ఏకీభవింపలేను. పొయ్యిదగ్గర నిలిచిన స్త్రీల శ్రమ నిజమే. కట్టెపొయ్యిల కాలమున అది హింస యనినను తప్పులేదు. ఆ కారణముననే వంటను మూడు నాలుగు వారములు ముందుగా, తెల్లవారుజామున ముగించుకొను అలవాటు పుట్టినది. కాని ఆ పుడ్డింగు పరదేశపు వస్తువని మాత్రము అనరాదు. విక్టోరియా రాష్ట్రపు వాయవ్యమూలన మర్రే నదీతీరమున, 1887 నుండి చాఫే సోదరులు నీటిపారుదల కల్పించి నెలకొల్పిన మిల్డూరా ప్రాంతమున, ఫిబ్రవరి మార్చి నెలలలో సుల్తానా ద్రాక్షలు కోతకు వచ్చును. ఆ గుత్తులను పొటాషియం కార్బొనేటును నూనెను కలిపిన నీటితో తడిపి తీగెల దడులపై ఆరబెట్టుదురు. ఆ ద్రావణము పండుపైనున్న మైనపుపొరను సడలించుటచే తేమ త్వరగా పోయి, పండు నల్లబడక బంగారువన్నెతో నిలుచును. అనగా డిసెంబరులో గుడ్డలో ఉడుకునది పోయిన వేసవి ద్రాక్షయే. ఇంగ్లండు వంటకమున ఆ యెండకు ఇంతటి భాగము దక్కుట స్వదేశమున ఏనాడును జరుగలేదు.

పుడ్డింగులో వెండినాణెము దాచుట పాత ఆచారము. ఎవరి పళ్ళెమున పడునో వారికి ఆ యేడు శుభము. 1966 ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియా దశాంశనాణెములకు మారినపుడు ఈ ఆచారమునకు చిత్రమైన చిక్కు వచ్చినది: క్రొత్తనాణెముల లోహము ఉడుకునపుడు పుడ్డింగుకు పచ్చదనమును, చెడురుచిని అంటించెడిది. పాత మూడుపెన్నీల వెండిబిళ్ళలను దాచుకొన్న ముసలమ్మలు ఆ దినమున పిల్లల పళ్ళెములనుండి వానిని తిరిగి పుచ్చుకొని, బదులుగా చెల్లుబడి నాణెమునిచ్చి, బిళ్ళలను కడిగి మరుసటియేటికి దాచెడివారు.

పొయ్యి భరింపలేనివారు ఇదే పుడ్డింగును మంచుగా మార్చిరి. నానిన పండ్లను, సుగంధద్రవ్యములను మీగడ ఐస్‌క్రీములో కలిపి, గుండ్రని గిన్నెలో గడ్డకట్టించి, బోర్లించి వడ్డించుట. ఆకారము తాతలది, స్పర్శ మాత్రము వేసవిది.

కాని ఆ దేశముల సొంతబిడ్డ యని చెప్పదగినది పావ్లోవా. రష్యా నర్తకి అన్నా పావ్లోవా 1926లో ఆ రెండు దేశములలోను నాట్యప్రదర్శనలిచ్చెను. ఆమె పేరే ఈ తెల్లని తేలిక తీపికి వచ్చినది. దీనిని మొదట చేసినది మేమనగా మేమని ఆస్ట్రేలియనులును న్యూజిలాండువారును ఇప్పటికిని తగవులాడుచున్నారు. ఆ తగవు తీరకుండుటయే విందులకు మేలు. తెలుగు పాఠకులకు రుచించు విశేషమొకటి ఇచట చెప్పవలెను: 1929లో పావ్లోవా రెండవసారి ఆస్ట్రేలియాకు పోవునపుడు అదే ఓడలో ప్రయాణించినవారిలో రుక్మిణీదేవి అరండేలు ఒకరు. అటుపిమ్మట భరతనాట్యమునకును కళాక్షేత్రమునకును కలిగిన మేలుకు ఆ ఓడలోని స్నేహము ఒక మూలము.

పావ్లోవా చూచుటకు సులభము, చేయుటకు దుర్ఘటము. నాలుగు గ్రుడ్ల తెల్లసొనను, పచ్చసొన ఇసుమంతయు కలియకుండ, జిడ్డులేని గిన్నెలో వేసి మెత్తని నురుగు లేచువరకు గిలకొట్టవలెను. తరువాత సన్నని చక్కెరను, సుమారు 220 గ్రాములు, చెంచాచెంచాగా వేయుచు, ప్రతిచెంచా కరగిన పిమ్మటనే మరియొకటి చేర్చవలెను. నురుగును రెండువ్రేళ్ళ నడుమ రాచినపుడు ఇసుకవలె గరగరలాడినచో చక్కెర కరగలేదన్నమాట. కరగని చక్కెర కాలునపుడు పాకమై కన్నీరువలె చెమర్చును. చివర ఒక చెంచా వెనిగరు, రెండు చెంచాల మొక్కజొన్న గంజిపిండి. వెనిగరు పులుపు తెల్లసొనలోని మాంసకృత్తుల అల్లికను స్థిరపరచి నురుగు కూలకుండ కాపాడును. గంజిపిండి లోపలి తేమను పట్టియుంచి గర్భమును మెత్తగా నిలుపును. పైన పెళుసు, లోన దూది. ఈ ద్వంద్వమే దీని లక్షణము. ముందుగా 150 డిగ్రీలకు వేడెక్కిన పొయ్యిలో నుంచిన వెంటనే వేడిని 120కి తగ్గించి, గంటంబావు కాల్చి, ఆర్పి, తలుపు ఓరగా తెరచి లోపలనే చల్లారనీయవలెను. తొందరపడి బయటికి తీసినవారికి నడుమ గుంటపడిన పావ్లోవా దక్కును. అప్పుడు మీగడతో ఆ గుంటను పూడ్చి, ఇదియే మా యింటి పద్ధతియని చెప్పుట అచటి మర్యాద.

దీని పగ గాలిలోని తేమతోనే. చక్కెర తేమను పీల్చుకొనును గనుక వానపట్టిన దినమున పెళుసుదనము గంటలో పోవును. అందుచేత పొడియెండ కాయు ఉదయమున దీనిని చేసి, మూతబిగువైన డబ్బాలో దాచి, గిలకొట్టిన మీగడను, స్ట్రాబెర్రీలను, పాషన్‌ఫ్రూటు గుజ్జును వడ్డనకు ముందే పైన పరతురు. ఆ పండ్లు డిసెంబరులో ఆ తోటలలోనే పండును. ఇంగ్లండులో ఆ దినములలో కోయుటకు ఒక్క స్ట్రాబెర్రీయైనను దొరకదు. పుడ్డింగు పోయిన వేసవిని దాచి వడ్డించునది. పావ్లోవా ఉన్న వేసవిని అప్పటికప్పుడు వడ్డించునది. రెండును ఒకే బల్లపై నుండుటయే ఆ విందుకు సమగ్రతయని నా మతము.

పొయ్యిలో కాల్చనక్కరలేని తీపి మరియొకటి కలదు. గడ్డకట్టించిన కొబ్బరినూనెను కరగించి, అందులో మరమరాలు, కొబ్బరికోరు, పాలపొడి, చక్కెరపొడి, రంగురంగుల ఎండుపండ్లు కలిపి, పళ్ళెమున అదిమి చల్లబరచి ముక్కలు కోయుదురు. 'వైట్ క్రిస్మసు' అని దానికి పేరు. మంచు కురియని దేశమున తెల్లదనము పళ్ళెములోనైనను ఉండవలెనని యెవరో చమత్కరించిరి. మరమరాలను, కొబ్బరిని ఎరిగిన మన ఇండ్లకు ఇది ఒక్క పూటలో అబ్బు విద్య. అల్లపుపానకము మాత్రము ఓర్పును కోరును. అల్లపుపొడిని, చక్కెరను, నీటిని, ఈస్టును సీసాలో పోసి, దినదినమును ఒక్కొక్క చెంచా అల్లమును, చక్కెరను తినిపించుచు వారముపాటు పెంచి, వడగట్టి, నిమ్మరసమును, చక్కెరనీటిని కలిపి సీసాలలో బిగింతురు. అడుగున మిగిలిన మడ్డిలో సగము మరల పెంచుకొనుటకు, సగము పొరుగువారికి. ఎండ తీవ్రముగా నున్నయెడల సీసాలోని వాయువు పెరిగి రాత్రివేళ ఢమ్మని పగులుట కూడ ఈ పానకపు కీర్తిలో భాగమే.

ఆ యెండలో వండినదానిని కాపాడుటయు ఒక శిల్పమే. పశ్చిమ ఆస్ట్రేలియా బంగారుగనుల నడుమ కూల్‌గార్డీ పట్టణమున 1890 తరువాతి దశాబ్దమున పుట్టిన పేటిక చెప్పుకోదగినది. చట్రమునకు గోనెగుడ్డ చుట్టి, పైనున్న తొట్టిలోని నీరు గుడ్డపీలికల ద్వారా కొద్దికొద్దిగా దిగి గోనెను తడుపునట్లు అమర్చెడివారు; గాలి తగిలి నీరు ఆవిరియగునపుడు లోని వేడిని లాగుకొనుటచే వెన్నయు, మాంసమును నిలిచెడివి. వట్టివేళ్ళ తడికలను తడిపి వేసవిమధ్యాహ్నములను గడిపిన మన పెద్దలకు ఈ సూత్రమును వివరింప నక్కరలేదు. విద్యుత్తు వచ్చినపిదప పేటిక పోయినను తడిగుడ్డ పోలేదు: పండుగ మిగులైన హ్యామును నేటికిని వెనిగరునీటిలో తడిపి పిండిన గుడ్డసంచిలో చుట్టి శీతలపేటికలో నుంచుదురు. చల్లని రొయ్యలు, చెర్రీలు, మామిడిపండ్లు ఆ బల్లపైని తక్కిన వైభవము. వైశాఖ జ్యేష్ఠములలో మామిడిని ఎరిగిన మనకు క్రిస్మసు మామిడి వింతగొలుపును. మరింత వింత యేమనగా, అచట మిక్కిలి ప్రసిద్ధమైన బోవెను ప్రాంతపు మామిడి, మన దేశమునకు గుర్రములనమ్మ వచ్చిపోవు ఓడలతో వెళ్ళిన టెంకలనుండి మొలచినదని చెప్పుదురు.

అలంకారములకు వచ్చినచో, ఆ నేలయే ముందుకు వచ్చి సాయపడినది. న్యూజిలాండు తీరములలో పొహుటుకవా అను మహావృక్షము సరిగా డిసెంబరులో ఎర్రని కేసరములతో విరియబూయును. 1867లో ఆంగ్లమున వెలువడిన తన గ్రంథమున భూగర్భశాస్త్రజ్ఞుడు హోక్‌స్టెటర్, అచటి వలసవారు క్రిస్మసునాడు ఆ కొమ్మలతో దేవాలయములను, గృహములను అలంకరింతురని వ్రాసెను. న్యూసౌత్‌వేల్స్‌లో 'క్రిస్మసు పొద' యను చిన్నచెట్టు కలదు. దాని అసలు పూవులు వసంతమున పూయు చిన్న తెల్లపూలు. అవి రాలిన పిమ్మట పూవును పట్టియున్న రక్షకపత్రములు పెరిగి డిసెంబరునాటికి ఎర్రనగును. జనులు దానిని మోపులకొలది అడవినుండి కోసి తెచ్చి అమ్మగా, చెట్టు క్షీణింపసాగెను. 1927లో ఆ రాష్ట్రము వన్యపుష్పరక్షణకై శాసనము చేయవలసివచ్చెను. ప్రేమ మితిమీరిన చోట చట్టము తప్పదు. ఇప్పుడు ఆ కొమ్మలను తోటలలో పెంచి అమ్ముదురు.

పశ్చిమ ఆస్ట్రేలియాలోని 'క్రిస్మసు చెట్టు' కథ వేరు. బంగారుపసుపు పూలతో అది మండుటెండలో వెలిగిపోవును. కాని అది సగము పరాన్నజీవి. తన వేళ్ళనుండి కంకణములను పుట్టించి, ఇరుగుపొరుగు మొక్కల వేళ్ళచుట్టును తొడిగి, కోసి, రసమును లాగుకొనును. భూమిలోని టెలిఫోను తీగెలను సైతము వేళ్ళని భ్రమించి కోసినది. మన మామిడికొమ్మలపై పెరుగు బదనికది ఇదే కుటుంబము. అచటి ఆదివాసులైన నూంగార్లు పరలోకమునకు పోవు ఆత్మలు ఈ చెట్టుపై విశ్రమించునని నమ్మి దాని పూవును కోయరు. పండుగ పేరు తగిలించుకొన్నంత మాత్రమున చెట్టు మనదికాదని వారి సంయమనము నేర్పుచున్నది.

చేతిపనులలో నాకు అన్నిటికన్న మిన్నగా తోచునది మావోరీల హరకెకె యల్లిక. హరకెకె పొడవైన కత్తులవంటి ఆకుల పొద. ఆకులన్నియు విసనకర్రగా విచ్చుకొనియుండును. నడుమనున్న లేతమొవ్వను వారు బిడ్డయందురు, దానిని ఇరుప్రక్కల కాచుకొన్న ఆకులు తల్లిదండ్రులు, వెలుపలివి తాతముత్తాతలు. కోయదగినవి తాతముత్తాతలు మాత్రమే. బిడ్డను, తలిదండ్రులను తాకరాదు; తాకినచో ఆ పిలక చచ్చును. వాననీరు మొవ్వలో నిలువక జారిపోవునట్లు, నడుమనుండి వెలుపలికి వాలుగా కోయవలెను. వానలోను, రాత్రివేళను కోయరాదు. కోయుటకు ముందు ప్రార్థన చెప్పవలెను. అల్లగా మిగిలిన పీలికలను పారవేయక ఆ పొద మొదటనే వేయవలెను. ఆచారముగా కనబడు ఈ నియమములలో ఒక్కటియైనను వృక్షశాస్త్రమునకు విరుద్ధము కాదు.

ఆకు ఈనెను, అంచులను తీసివేసి, మిగిలినదానిని గోటితో సమానమైన పట్టీలుగా చీల్చి, కత్తివీపుపై లాగి మెత్తబరతురు. పట్టీ ఆరినపుడు కుంచించుకొనును గనుక అల్లిక సాధ్యమైనంత బిగువుగా నుండవలెను. నాలుగు పట్టీలను నడుమకు మడిచి, ఒకదాని మడతలో నొకటి చిక్కునట్లు చతురస్రముగా బంధించి, మిగిలిన కొనలను మెలిత్రిప్పి వెనుకటి మడతలలో దూర్చినచో కోణములు లేచి నక్షత్రమగును. జిగురు లేదు, దారము లేదు. పచ్చగా కట్టిన ఆ చుక్క వారము పదిదినములలో గడ్డివన్నెకు వచ్చి, ఏండ్లు నిలుచును. మట్టల ఆదివారమున తాటాకుతోను ఈతాకుతోను సిలువలు మడచు మన క్రైస్తవ పల్లెలవారి వ్రేళ్ళకు ఈ విద్య అపరిచితము కాదు.

ఆస్ట్రేలియాలో గుమ్మమునకు కట్టు వలయమాల మరియొక నేర్పు. చలికాలమున కత్తిరించి దాచిన ద్రాక్షతీగెలను నీట నానబెట్టి, వలయముగా చుట్టి, తీగె కొననే లోనికి దూర్చి బిగింతురు. దానిలో యూకలిప్టసు కొమ్మలను, అనగా మన జామాయిలు కొమ్మలను, ఒకే వాలుగా గ్రుచ్చుదురు. ఆ యాకులు నీడపట్టున ఎండినను రంగు నిలుపుకొనును. పెళుసెక్కి రాలకుండవలెనన్నచో, ఒకపాలు గ్లిజరిను రెండుపాళ్ళ వేడినీటిలో కలిపి, నలుగగొట్టిన కాడలను వారము పదిదినములు అందులో నిలుపవలెను. నీటితోపాటు గ్లిజరిను ఆకులకెక్కి, ఆకు తోలువలె మెత్తబడును. నడుమనడుమ యూకలిప్టసు కాయల గిన్నెలు, సరుగుడు కాయలు, బ్యాంక్సియా కంకులు. ఈ బ్యాంక్సియా, గానెట్లను భుజించిన ఆ జోసెఫ్ బ్యాంక్స్ పేరిటి చెట్టే. దాని జాతులు కొన్ని అడవి మండిననే గాని కాయల నోళ్ళు తెరువవు. చేతిపనివారు వానిని పొయ్యిలో వేడిచేసి తెరపింతురు. మే గిబ్స్ అను రచయిత్రి 1918లో ప్రకటించిన 'స్నగుల్‌పాట్, కడల్‌పై' కథలో యూకలిప్టసు కాయలు టోపీ పెట్టుకొన్న బుజ్జిపాపలైనవి, బ్యాంక్సియా కంకులు బూచివాండ్లైనవి. అటుపిమ్మట ఆ దేశపు పిల్లలకు క్రిస్మసు చెట్టుపై ఈ కాయలు వట్టి కాయలు కావు.

దీపముల విషయము క్లుప్తముగా చెప్పుదును. మెల్‌బోర్నులో నార్మన్ బ్యాంక్స్ అను రేడియో ప్రకటనకర్త 1938లో ఆరంభించిన క్రొవ్వొత్తుల వెలుగులోని కీర్తనసభ నేటికిని సాగుచున్నది. చలిదేశమున రాత్రివేళ ఆరుబయట వేలాదిమంది కూర్చుండి పాడుట కష్టసాధ్యము. వేసవిరాత్రియే దానిని కల్పించినది. విలియం జేమ్స్ స్వరములు కూర్ప జాన్ వీలర్ వ్రాసిన ఆస్ట్రేలియా క్రిస్మసు గీతములు 1948 నుండి వెలువడగా, వానిలో మంచుకు మారుగా పశువులు తోలువారును, మైదానముల ధూళియు, బ్రోల్గా కొంగల నాట్యమును ప్రవేశించినవి. ఇంత జరిగినను పాతచలిపై మోహము పూర్తిగా చావలేదు: సిడ్నీ సమీపమున బ్లూ మౌంటెన్స్ కొండలలో జూలై నెలలో, తమ నిజమైన చలికాలమున, పొయ్యి రాజేసి రెండవ క్రిస్మసు విందు చేసికొనువారు కలరు. అది కాపట్యమని కొందరందురు. నాకు మాత్రము గాజుపై చిమ్మిన నురుగుకన్న అదియే నిజాయితీగా తోచును. చలిలో చలివంట తినుటలో అసత్యమేమున్నది?

ఈ వేసవి క్రిస్మసు తెలుగువారికి పరాయిదని తలపరాదు. 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు కూలియొడంబడికలపై పోయిన మనవారికై, నెల్లూరు ప్రాంతపు తెలుగు బాప్టిస్టులు తమ సొంత వ్యయముతో 1903లో జాన్ రంగయ్యను పంపిరి. ఆ సంవత్సరాంతముననే కియర్స్‌నీ తేయాకుతోటలో తెలుగు సంఘము వెలసినది. అచటను డిసెంబరు నడివేసవియే. నేడు మెల్‌బోర్ను, సిడ్నీ, ఆక్లండులలో స్థిరపడిన తెలుగు కుటుంబములు ఆ వరుసలో క్రొత్తవారు. వారికి అరిసెలు చేయుటకు పుడ్డింగు అడ్డము కాదు, పుడ్డింగు చేయుటకు అరిసెలు అడ్డము కావు. రెండింటికిని ముందురాత్రి నానబెట్టుట తప్పదు, రెండింటికిని ఇంటివారందరి చేతులును కావలెను.

మన గడ్డపైనున్నవారికొక మాట. పైన చెప్పిన చెట్లలో కొన్ని మన ఎదుటనే యున్నవి. కోస్తాతీరమున ఇసుకతిన్నెలపై పెరుగు సరుగుడు తోటలు, కాగితపు మిల్లులకై నాటిన జామాయిలు వనములు, అరకు కాఫీతోటలకు నీడనిచ్చు సిల్వర్ ఓకులు, బాటప్రక్కల ఆస్ట్రేలియా తుమ్మలు, ఇవన్నియు ఆ వేసవిదేశముతో మనకు చుట్టరికము కలిపినవి. సరుగుడు కొమ్మనే క్రిస్మసు చెట్టుగా నిలుపు ఇండ్లు మన తీరగ్రామములలో ఇప్పటికిని కలవు. ఆ తోటలలో రాలిన కాయలను ఏరుకొనుటకు ధర లేదు, జామాయిలు రెమ్మకు ధర లేదు, తాటాకుకు ధర లేదు. ఈ డిసెంబరున బజారులో ప్లాస్టికు చెట్టును, దానిపై చల్లు దొంగమంచును కొనుటకు ముందు, పిల్లలను వెంటబెట్టుకొని ఒక్కసారి ఆ తోటలవైపు పోయిరండు. తోటవారిని అడిగి, రాలినవి మాత్రమే తెచ్చుకొనుడు.